బిజినెస్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పాఠాలు ఇంట్లో నిజంగా ఎక్కడ పనికొస్తాయి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: అకౌంటింగ్, ఆపరేషన్స్, మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదువుతున్నాను. పరీక్షలు అయిపోయాక ఇవి మామూలు జీవితంలో పనికొస్తాయా? వస్తే ఏవి, ఎలా మొదలుపెట్టాలి?

పనికొస్తాయి. కాకపోతే సిలబస్‌లో ఎక్కువ పేజీలు తీసుకునేవి కాదు. ఇంటికి సూటిగా దిగేవి నా ఉద్దేశంలో నాలుగు: నగదు ప్రవాహం, ఒక సమాచారం ఒకే చోట ఉండాలన్న డేటాబేస్ సూత్రం, ఏదైనా పోతే మళ్ళీ నిలబెట్టుకునే ఏర్పాటు, పని ఎక్కడ ఇరుక్కుంటోందో చూసే ఆపరేషన్స్ దృష్టి. నాలుగింటికీ ఒకటే షరతు. తలలో ఉంచుకుంటే ఇవి పనిచేయవు. అంకె, తేదీ, ఎవరు చేయాలి అన్న మూడూ ఒక నోటుబుక్కులోనో షీటులోనో పడాలి.

ముందు డబ్బు సంగతి

లాభాల్లో ఉన్న కంపెనీ కూడా చేతిలో నగదు లేక మూతపడవచ్చని అకౌంటింగ్‌లో చెబుతారు. ఇంటికీ అంతే. ఏడాది మొత్తం మీద ఆదాయం ఖర్చును మించే ఉంటుంది. కానీ బీమా, ఫీజు, పన్ను దగ్గర దగ్గరగా వచ్చిన నెలలో అప్పు చేయాల్సి వస్తుంది. దీనికి మందు అక్రూవల్ పద్ధతి, అంటే ఏడాదికోసారి వచ్చే ఖర్చును నెలనెలా వచ్చే ఖర్చుగానే చూడటం.

లెక్క వేసి చూద్దాం. ఏడాదికోసారి కట్టాల్సినవి మూడున్నాయి: ఇప్పటి నుంచి 3వ నెలలో 18,000, 6వ నెలలో 12,000, 10వ నెలలో 30,000. మొత్తం 60,000. దాన్ని 12తో భాగించి నెలకు 5,000 పక్కన పెడితే చాలని అందరూ అనుకుంటారు. అలా చేస్తే 3వ నెలకు చేతిలో ఉండేది 15,000, కట్టాల్సింది 18,000. మొదటి గడువుకే 3,000 తక్కువ పడుతుంది, పద్ధతి మీదే నమ్మకం పోతుంది. చేయాల్సింది ఏమిటంటే, ప్రతి గడువు దగ్గర అప్పటివరకూ కట్టాల్సిన మొత్తాన్ని అప్పటివరకూ ఉన్న నెలలతో భాగించాలి. 18,000ను 3తో భాగిస్తే 6,000. 30,000ను 6తో భాగిస్తే 5,000. 60,000ను 10తో భాగిస్తే 6,000. వీటిలో పెద్ద అంకె 6,000. మొదటి పది నెలలూ అంత పక్కన పెట్టాలి. ఆ తర్వాత నుంచి నెలకు 5,000 పెడితే ఏ గడువుకూ లోటు రాదు. ఈ డబ్బును రోజువారీ ఖర్చుల ఖాతాలో ఉంచకండి. అక్కడ ఉంటే అది మిగులులా కనిపిస్తుంది.

రెండోది జంటపద్దు. 1494లో వెనిస్‌లో లూకా పాచోలి అచ్చులోకి తెచ్చిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఇంట్లో పూర్తిస్థాయి చిట్టా, ఆవర్జా రాయనక్కర్లేదు. ప్రతి లావాదేవీకీ ఎక్కడి నుంచి వెళ్ళింది, ఎక్కడికి చేరింది అని రెండు గడులు ఉంటే చాలు. దీనివల్ల వెంటనే తొలగిపోయే తప్పు క్రెడిట్ కార్డుది. కార్డుతో కొన్న రోజున ఒకసారి ఖర్చు రాస్తారు, బిల్లు కట్టిన రోజున మళ్ళీ ఖర్చు రాస్తారు. ఖర్చు కొన్నరోజే అయిపోయింది. బిల్లు కట్టడం అంటే బ్యాంకు ఖాతాలో ఉన్నది తీసి కార్డు బాకీ తీర్చడమే, అది బదిలీ. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పంపుకున్న సొమ్ము, పొదుపులో వేసిన సొమ్ము కూడా ఈ కోవలోవే.

ఖర్చుల పద్దులు పదికి మించనివ్వకండి. ముప్పై పెట్టుకుంటే ప్రతి ఖర్చుకూ ఏ పద్దులో రాయాలన్న సందేహం వస్తుంది, రెండో నెలకు రాయడం ఆగిపోతుంది. నెలకోసారి మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడటం మానకూడదు. క్లాసులో బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక అని విసుగ్గా చేసే లెక్కే ఇది. మీరు రద్దు చేశాననుకున్న చందా ఇంకా కట్ అవుతోందా, ఒకే బిల్లు రెండుసార్లు పోయిందా, వెనక్కి రావాల్సిన డబ్బు వచ్చిందా అన్నవన్నీ బయటపడేది ఇక్కడే.

అప్పు తీసుకునేటప్పుడు ఫైనాన్స్ పాఠం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. 1,20,000 అప్పు, ఏడాదికి 10 శాతం ఫ్లాట్ వడ్డీ, 12 వాయిదాలు అన్నారనుకోండి. వడ్డీ 12,000, నెలకు 11,000 కట్టాలి. వినడానికి 10 శాతమే. కానీ మీరు నెలనెలా అసలు తీర్చేస్తున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదే వేశారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఇది నెలకు దాదాపు 1.5 శాతం, ఏడాదికి సుమారు 18 శాతం. స్ప్రెడ్‌షీట్‌లో రేట్ ఫంక్షన్‌కు వాయిదాల సంఖ్య, వాయిదా మొత్తం, అప్పు మొత్తం ఇస్తే నెలసరి రేటు చెబుతుంది. వాయిదాకు మైనస్ గుర్తు పెట్టడం మరిస్తే లెక్క రాదు, ఎర్రర్ చూపిస్తుంది. రెండు అప్పులను పోల్చేటప్పుడు రెండింటినీ ఇలా ఒకే కొలతలోకి తెచ్చాకే పోల్చండి. ప్రాసెసింగ్ ఫీజు ముందే పట్టుకుంటే అప్పు మొత్తంలోంచి దాన్ని తీసేసి, చేతికొచ్చిన సొమ్మునే లెక్కలో వేయండి.

ఒక సమాచారం, ఒకే చోటు

ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను, అంటే డేటాను పట్టికలుగా అమర్చే పద్ధతిని ప్రతిపాదించాడు. దాని నుంచి వచ్చిన నార్మలైజేషన్ పాఠం చాలామందికి పరీక్ష కోసం బట్టీపట్టిన నియమాలుగానే మిగిలిపోతుంది. నిజానికి అది చెప్పేది చాలా మామూలు విషయం. ఒకే వివరాన్ని మూడు చోట్ల రాస్తే, అది మారిన రోజున రెండు చోట్ల దిద్ది మూడోది మరిచిపోతారు. ఆ తర్వాత ఏది సరైనదో ఎవరికీ తెలియదు. పత్రాల గడువు తేదీ ఫోన్ నోట్స్‌లో ఒకటి, గోడ క్యాలెండర్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి ఉన్న ప్రతి ఇంట్లోనూ జరిగేది ఇదే.

అందుకని ఇంటికి ఒకే పట్టిక పెట్టుకోండి. ఒక్కో వరుసలో ఒక్కో పత్రం లేదా ఒప్పందం. గడులు ఇవి: పత్రం పేరు, ఎవరిది, సంఖ్యలో చివరి నాలుగు అంకెలు, గడువు తేదీ, అసలు కాగితం ఎక్కడుంది, నామినీ ఎవరు, తర్వాత ఏం చేయాలి, ఎప్పటికల్లా. చివరి రెండు గడులే అసలైనవి. గడువు తేదీ ఒక్కటే రాస్తే ఆ రోజున మేలుకుంటారు. పునరుద్ధరణకు నెల పట్టే పత్రమైతే చేయాల్సిన తేదీ గడువుకు రెండు నెలల ముందు ఉండాలి. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి, కానీ అందులో వివరాలు రాయకండి, పట్టిక చూడమని మాత్రమే రాయండి.

స్ప్రెడ్‌షీట్‌లో ఇది చేసేటప్పుడు మూడు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, ఎక్సెల్ ఏ సంఖ్యనైనా 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుతుంది. 16 అంకెల సంఖ్య కొడితే చివరి అంకె సున్నాగా మారిపోతుంది, అదీ ఏ హెచ్చరికా లేకుండా. రెండు, సున్నాతో మొదలయ్యే సంఖ్యలో ఆ సున్నా ఎగిరిపోతుంది. రెండింటికీ విరుగుడు ఒక్కటే, ఏదీ కొట్టకముందే ఆ గడిని టెక్స్ట్‌గా మార్చడం. కొట్టిన తర్వాత మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. మూడోది తేదీలు. కొన్ని నిజమైన తేదీలుగా, కొన్ని మామూలు అక్షరాలుగా పడితే వరుస పేర్చినప్పుడు క్రమం తప్పుతుంది. గడువు దగ్గరపడిన పత్రం పట్టిక అడుగుకు వెళ్ళి కూర్చుంటుంది.

స్కాన్ చేసిన ఫైళ్ళ పేర్లకు ఐఎస్‌ఓ 8601 తేదీ క్రమం వాడండి: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. 2025-03-09 అని మొదలై, తర్వాత వ్యక్తి పేరు, తర్వాత పత్రం పేరు. అప్పుడు అక్షర క్రమమే కాల క్రమం అవుతుంది. నెల, రోజు ఒక అంకెవైనా ముందు సున్నా తప్పనిసరి, లేకపోతే 10వ నెల 2వ నెల కంటే ముందుకొస్తుంది. ఇంట్లో ఇద్దరికి ఒకే పేరుంటే, ప్రైమరీ కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టించే గుర్తు) ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. ఒక్కొక్కరికి ఒక పొట్టి గుర్తు ఇచ్చి అన్నిచోట్లా అదే వాడండి.

పోతే ఏమవుతుంది అన్న ప్రశ్న

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కోర్సులో నేను అన్నిటికంటే విలువైనదిగా చూసే భాగం ఇదే, చాలామంది దీన్ని చివరి యూనిట్ అని వదిలేస్తారు. కంపెనీలు రెండు ప్రశ్నలు వేసుకుంటాయి. ఎంత సమాచారం పోతే తట్టుకోగలం? ఎంతసేపట్లో మళ్ళీ నడవాలి? ఇంట్లో ఫోటోలకు మొదటి ప్రశ్న ముఖ్యం, బ్యాంకు లావాదేవీలకు రెండోది. అందుకే అన్నిటికీ ఒకే రకం ఏర్పాటు సరిపోదు.

బ్యాకప్‌కు 3-2-1 నియమం తెలిసిందే: మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, ఒకటి ఇంటి బయట. దాన్ని పాటిస్తున్నామనుకునేవాళ్ళలో ఎక్కువమంది చేసేది సింక్, అంటే ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ ఫైళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉండేలా చేయడం. సింక్ బ్యాకప్ కాదు. ఫోన్‌లో పొరపాటున చెరిపితే క్లౌడ్‌లోనూ చెరిగిపోతుంది. చెత్తబుట్టలో కొన్ని రోజులు ఉంటుంది, ఆ తర్వాత అంతే. రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) వస్తే పాడైన ఫైళ్ళే పైకి ఎక్కుతాయి. మూడింటిలో ఒకటి ఎక్స్‌టర్నల్ డ్రైవ్ అయి, రాయడం అయ్యాక కంప్యూటర్ నుంచి ఊడదీసి ఉండాలి. ఏడాదికి రెండుసార్లైనా అందులోంచి ఓ పది ఫైళ్ళు వేరే యంత్రంలో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో చెప్పలేం.

ఇంతకంటే ప్రమాదకరమైనది వలయంలా అల్లుకున్న ఆధారాలు. ఒక కాగితం తీసుకుని ముఖ్యమైన ఖాతాలన్నీ రాయండి: మెయిల్, బ్యాంకు, ఫోన్ నంబరు, క్లౌడ్, పాస్‌వర్డ్ మేనేజర్. ప్రతిదాని పక్కనా, పాస్‌వర్డ్ మరిస్తే తిరిగి రావడానికి ఏది కావాలో బాణం గీయండి. చాలామంది పటంలో ఇలా తేలుతుంది: బ్యాంకుకు ఓటీపీ కావాలి, ఓటీపీకి ఫోన్ కావాలి, కొత్త ఫోన్‌లోకి పాతవన్నీ తెచ్చుకోవాలంటే మెయిల్ కావాలి, మెయిల్ తెరవాలంటే అదే ఫోన్‌కు వచ్చే కోడ్ కావాలి. ఫోన్ పోయిన రోజున అన్ని తలుపులూ ఒకేసారి మూసుకుపోతాయి. క్లాసులో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అన్నది ఇదే.

వలయాన్ని తెంచడం కష్టం కాదు. ఈ వరుసలో చేయండి:

1. మెయిల్ ఖాతాకు బ్యాకప్ కోడ్‌లు తీసి, అచ్చు వేసి, పత్రాలతో పాటు భద్రపరచండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, వాడినది కొట్టేయండి.
2. అథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌లు చూపించే యాప్) వాడుతుంటే అది రెండో పరికరంలోనూ పనిచేసేలా చూడండి, లేదా ప్రతి ఖాతా రికవరీ కోడ్‌లూ తీసుకోండి. ఫోన్ మార్చేటప్పుడు పాత ఫోన్‌ను తుడిచేయడం అన్నిటికంటే చివరన.
3. రికవరీ నంబరుగా మీది కాకుండా ఇంట్లో నమ్మకస్తులది ఒకటి చేర్చండి.
4. పాస్‌వర్డ్ మేనేజర్ మాస్టర్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, మూసిన కవరులో పెట్టండి. అదే మేనేజర్‌లో దాచుకుంటే ఉపయోగం లేదు.

ఆ కవరు ఇంకో పనికీ వస్తుంది. చాలా ఇళ్ళలో డబ్బు వ్యవహారాలన్నీ ఒక్కరికే తెలిసి ఉంటాయి. వాళ్ళు ఆసుపత్రిలో ఉంటే మిగతావాళ్ళు బిల్లు ఎక్కడ కట్టాలో కూడా తెలియక నిలబడిపోతారు. వారం రోజులు ఇల్లు నడవడానికి కావాల్సినంత సమాచారం ఒక పేజీలో రాయండి: ఏ తేదీకి ఏ చెల్లింపు, ఏ ఖాతా నుంచి, ఆరోగ్య బీమా సంఖ్య, వేసుకునే మందులు, ఎవరికి ఫోన్ చేయాలి. రాసినవాళ్ళు పక్కన లేకుండా మరొకరు ఒక బిల్లు కట్టి చూస్తే అందులో ఏం తప్పిపోయిందో తెలుస్తుంది.

దానితో పాటు, అందరికీ అన్నీ ఇవ్వనక్కర్లేదని కూడా గుర్తుంచుకోండి. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ సూత్రీకరించిన కనీస హక్కుల నియమం ఇంటికి చక్కగా సరిపోతుంది. పిల్లలు వాడే కంప్యూటర్‌లో వాళ్ళకు మామూలు యూజర్ ఖాతా ఉండాలి, అడ్మిన్ ఖాతా వేరుగా ఉండాలి. ఆన్‌లైన్ కొనుగోళ్ళకు పెద్ద నిల్వ ఉన్న ఖాతా కార్డును కాకుండా, కొద్ది మొత్తమే ఉంచే వేరే ఖాతా కార్డును వాడాలి.

పని ఎక్కడ ఆగుతోంది

ఆపరేషన్స్‌లో అందరికీ గుర్తుండేది ఈఓక్యూ సూత్రం, అంటే ఒకసారికి ఎంత సరుకు తెప్పిస్తే మొత్తం ఖర్చు తక్కువవుతుందో చెప్పే లెక్క. ఫోర్డ్ హ్యారిస్ 1913లో ఇచ్చిన ఈ సూత్రం ఇంట్లో దాదాపు అనవసరం. ఆర్డరు పెట్టే ఖర్చు, నిల్వ ఖర్చు ఇంట్లో ఎవరూ సరిగా కొలవలేరు. పనికొచ్చేది దాని పక్కనుండే రీఆర్డర్ పాయింట్. రోజూ తప్పక వేసుకోవాల్సిన మాత్రలు రోజుకు 2 చొప్పున వాడతారు, తెప్పించడానికి 4 రోజులు పడుతుంది, ఆలస్యమైతే ఇంకో 6 రోజులకు సరిపడా చేతిలో ఉండాలి అనుకుందాం. 2ను 10తో హెచ్చవేస్తే 20. డబ్బాలో 20 మాత్రలు మిగిలిన రోజే ఆర్డరు పెట్టాలి. రోజూ లెక్కపెట్టలేరు కాబట్టి ఆ 20నీ వేరే కవరులో పెట్టి అంటించండి. కవరు చించాల్సి వచ్చిందంటే ఆర్డరు పెట్టాలన్నమాట. కొత్తవి రాగానే వాటిలోంచి 20 తీసి కవరు మళ్ళీ కట్టండి, పాతవి ముందు వాడేయండి. లేకపోతే కవరులోవి గడువు దాటిపోతాయి.

రెండోది, 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం. చేతిలో ఉన్న పనుల సంఖ్యను పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. 30 పనులు మొదలుపెట్టి వారానికి 3 చొప్పున పూర్తి చేస్తుంటే, ఈరోజు ఒప్పుకున్న పని తేలడానికి సగటున 10 వారాలు. మీరు వేగం పెంచలేరు, కానీ మొదలుపెట్టినవాటిని తగ్గించగలరు. సగంలో ఉన్నవి మూడుకు మించకుండా చూసుకుని, మిగతావి మొదలుపెట్టనివాటి జాబితాలో ఉంచండి. ఒకటి అయ్యాకే ఇంకొకటి తీయాలి. ఈ లెక్క సగటు మీద, నిలకడగా సాగే పరిస్థితిలోనే సరిగ్గా వస్తుంది. ఈ వారం మాత్రమే ఏమవుతుందో ఇది చెప్పదు.

రోజంతా నింపేయడం గురించీ క్యూ సిద్ధాంతం, అంటే వరుసల్లో ఎదురుచూపును లెక్కగట్టే శాస్త్రం, సూటిగా చెబుతుంది. అతి సరళమైన నమూనాలో, 80 శాతం నిండిన చోట ఎదురుచూపు ఒక పనికి పట్టే సమయానికి 4 రెట్లు. 90 శాతానికి 9 రెట్లు. 95 శాతానికి 19 రెట్లు. ఖాళీ కొంచెం తగ్గితే ఆలస్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. టైంటేబుల్ వేసుకునే విద్యార్థులు రోజులో అయిదో వంతు ఖాళీ ఉంచాల్సింది అందుకే.

ఇరుకు ఎక్కడుందో చూడకుండా మిగతాచోట్ల తొందరపడటం వృథా. ఇంట్లో నలుగురు, స్నానాల గది ఒకటే, ఒక్కొక్కరికి 15 నిమిషాలు అంటే గంట. ఎంత పొద్దున్నే లేచినా, మిగతా పనులు ఎంత వేగంగా చేసినా ఆ గంట తగ్గదు. పళ్ళు తోముకోవడం, తల దువ్వుకోవడం, బట్టలు మార్చుకోవడం గది బయటికి తెచ్చి ఒక్కొక్కరికి 9 నిమిషాలు చేస్తే 36 నిమిషాలు. ఆ తర్వాత ఇరుకు ఇంకో చోటికి మారుతుంది, మళ్ళీ వెతకాలి.

ఇంటికి తేకూడనివి

కేపీఐలు, అంటే పనితీరును కొలిచే అంకెలు, మనుషుల మీద పెట్టకండి. కొలతే లక్ష్యమైతే అది కొలతగా పనికిరాదు. పిల్లలు ఎన్ని గంటలు చదివారన్నది లెక్కపెడితే గంటలే పెరుగుతాయి. ఇంటి పనుల పంపకానికి పాయింట్లు వేస్తే, పాయింట్ లేని పని ఎవరూ ముట్టరు. మొక్కకు నీళ్ళు, నిల్వ, ఖర్చు, గడువు వంటి వస్తువుల సంగతులను ఎంతైనా కొలవండి.

యాప్ కొనడంతో మొదలుపెట్టడం రెండో తప్పు. సిస్టమ్స్ క్లాసులో మనుషులు, పద్ధతి, సాంకేతికత అని మూడూ కలిపి చెబుతారు, వరుస కూడా అదే. ఇంట్లో ఎవరూ రాయని పద్దును ఏ యాప్ పెట్టినా రాయరు. ముందు ఒక నెల నోటుబుక్కులో నడపండి. ఏ గడులు నిజంగా నిండుతున్నాయో చూసి, నిండనివి తీసేసి, అప్పుడు షీటులోకి మార్చండి.

ఇంట్లో ఇంకొకరిని చేర్చుకోవాలంటే వాళ్ళు వారానికి ఐదు నిమిషాలకు మించి కేటాయించాల్సిన అవసరం లేకుండా చేయండి. రాయడం వాళ్ళకు భారమైతే, రసీదులు ఒక డబ్బాలో వేయమనండి చాలు, రాసే పని మీరు చూసుకోండి.

నాలుగూ ఒకేసారి పట్టుకోకండి. ఈ వారం ఖాతాల పటం గీసి మెయిల్ బ్యాకప్ కోడ్‌లు తీయండి, దానికి గంట సరిపోతుంది, ఆలస్యమైతే జరిగే నష్టం కూడా దానికే ఎక్కువ. వచ్చే వారం పత్రాల పట్టిక. ఏడాది ఖర్చుల లెక్క తదుపరి ఆదాయం వచ్చే రోజుకు సిద్ధం చేసుకోండి, ఎందుకంటే పక్కన పెట్టాల్సిన మొదటి మొత్తం ఆ రోజే కదలాలి.